జిట్రేగి తఖ్తు

ప్రహరీగోడ మీదుగా సంయుక్త దులిపిన గుడ్డలోంచి లేచిన చాక్లెట్ రంగు దుమ్మంతా పోయి ఒక తెల్లచొక్కా మీద పడింది. ఆ చొక్కాలో ఒక మనిషి ఉన్నాడని తుమ్ము వినపడ్డాక గానీ ఆమెకు తెలియలేదు.

"అయ్యో! సారీ అండి, చూస్కోలే!"

గోడకు అవతల ఇరవయ్యేడేళ్ళ కుర్రాడు. చేతిలో స్వీట్ల డబ్బా, జేబుకు కొత్త పెన్ను, మడత నలగని ప్యాంటు. తల నుంచి భుజాల దాకా మాత్రం ఇటుకబట్టీలోంచి లేచొచ్చినట్టున్నాడు. కళ్ళు నులుముకున్నాడు. చొక్కా వంక చూసుకున్నాడు. ఆమె వంక చూశాడు. తర్వాత ఆమె వెనక, వాకిట్లో ఉన్న బల్లలాంటి చెక్క తఖ్తు వంక చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది.

"ఎవరు రుద్దుతున్నరు దాన్ని?"

"నేనే."

"ఎందుకు? అది మీకేం అన్యాయం చేసింది?"

సంయుక్తకు చురుక్కుమంది. "సారీ చెప్పిన గద! చొక్కా ఇయ్యండి, ఉతికిస్త."

"చొక్కా సంగతి ఎవరడిగిన్రు? చెక్కల గీతలు పొడుగ్గ ఉంటే మీరు అడ్డంగ రుద్దుతున్నరు. జర తడిమి చూడండి. పిల్లి గీరినట్టు లేదూ?"

గేటు తియ్యమని ఎవరూ అనకుండానే లోపలికొచ్చాడు. స్వీట్ల డబ్బా మెట్టు మీద పెట్టాడు. ఆమె చేతిలోని సాండ్‌పేపర్ తీసుకుని, ఒక చిన్న చెక్కముక్కకు చుట్టి, తఖ్తు పొడుగునా నింపాదిగా లాగాడు. ఆ లాగుడులో తొందర లేదు, బలప్రదర్శన లేదు. నిద్రపోతున్న పిల్లకు జోకొట్టినట్టుంది.

"ఇట్ల. సమజైందా?"

"నేను జూనియర్ కాలేజీల లెక్చరర్‌ను. ఒక్కసారి చెప్తే సమజైతది."

"ఏం చెప్తరు?"

"ఎకనామిక్స్."

"అందుకే. నోటికి పని ఎక్కువ, చేతికి తక్కువ."

సంయుక్త సాండ్‌పేపర్ లాక్కునేలోపు అతని ఫోను మోగింది. "ఆఁ అమ్మా! వచ్చేసిన. అశోక్‌నగర్ చౌరస్తల్నే ఉన్న" అన్నాడు చిక్కడపల్లిలో, వీళ్ళ వాకిట్లో నిలబడి. ఫోనులోంచి తల్లి గొంతు వాకిలంతా వినిపించింది. "పిల్లోళ్ళు ఎదురుచూస్తున్నర్రా! జల్ది రా!"

"పెళ్ళిచూపులా?" అంది సంయుక్త, నవ్వు ఆపుకుంటూ.

"అయితే?"

"ఏం లే. పిల్ల అదృష్టవంతురాలు. పిల్లగాడు పౌడర్ పూసుకోని గాదు, పౌడర్ డబ్బాల మునిగొస్తున్నడు."

అతను తనని తాను పైనుంచి కిందికి చూసుకున్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నట్టున్నాడు గానీ, ముందు నవ్వొచ్చేసింది. ఆ నవ్వుకు కనుబొమ్మల మీది దుమ్ము కొంచెం రాలింది. పరుగెత్తాడు. డబ్బా మర్చిపోయాడు. ఆమె గేటు దాకా పరుగెత్తి అందించింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"రేపటి దాక దాన్ని ముట్టకండి!"

"మీరెవరు చెప్పెటందుకు?" అని ఆమె అరిచేసరికి సందు మలుపు తిరిగిపోయాడు.

ఆ తఖ్తు సంయుక్త నానమ్మ విద్యావతమ్మది. నలుగురు పిల్లలు పక్కపక్కన కూర్చోగలిగినంత వెడల్పు, చెక్కిన కాళ్ళు, ఏనుగెక్కినా కిర్రుమనని బలం. దాని మీద కూర్చుని ఆమె నలభై ఏళ్ళు సంగీతం చెప్పింది. చిక్కడపల్లిలో, నారాయణగూడలో ఏ ఇంట్లోనైనా ఒక ఆడపిల్ల కూనిరాగం తీస్తే, "విద్యావతమ్మ దగ్గర నేర్చుకున్నవా?" అని అడిగేవాళ్ళు. మోకాళ్ళు మొండికేసినప్పటి నుంచి పాఠాలు ఆగిపోయాయి. అయినా ప్రతి దసరాకూ శిష్యురాళ్ళు వచ్చి కాళ్ళకు మొక్కి వెళ్తారు. ఈసారి ఆమెకు డెబ్బై అయిదు నిండుతున్నాయి. గురువుగారు ఒక్క పాటైనా పాడాలని అందరూ పట్టుబట్టారు.

అదే దసరాకు సోఫాసెట్ తెస్తానని సంయుక్త తండ్రి రామచంద్రం ప్రకటించాడు. ఆయన ప్రభుత్వ ఇంజినీరు. ఆయన మాటంటే ఇంట్లో ఉత్తర్వుతో సమానం. "ముందు రూముల తఖ్తేంది? పెచ్చులూడి, చూడబుద్ధైతలే. పాత సామాన్లోనికి ఇచ్చేద్దాం" అన్నాడు.

విద్యావతమ్మ బతిమాలే మనిషి కాదు. "మీ ఇల్లు, మీ ఇష్టం. నేను చాప మీద కూసోని కూడ పాడగల్గుత" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలో ఆమె వీపు ఎంత నిటారుగా ఉందో సంయుక్త చూసింది. తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"దసరా లోపల దీన్ని కొత్త దాని లెక్క చేస్త. చూసినంక కూడ వద్దనిపిస్తే అప్పుడు ఇచ్చెయ్యండి."

"నువ్వా?"

"నేనే."

2011 సెప్టెంబరు అది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. ఆయన ఆఫీసు బంద్, ఆమె కాలేజీ బంద్, బస్సులు బంద్. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఇద్దరికీ ఇంట్లో కావలసినంత తీరిక. రామచంద్రం నవ్వి, "చూద్దాం" అన్నాడు.

చొక్కా మీద దుమ్ము పడిన మర్నాడు పొద్దున్నే ఆ కుర్రాడు మళ్ళీ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఈసారి మాసిన టీషర్టు, భుజానికి పనిముట్ల సంచీ.

"నా పేరు రాజీవ్. నారాయణగూడల మాది ఫర్నిచర్ పాలిష్ దుకాణం. మీ వల్ల నా సంబంధం పోయింది."

సంయుక్త గేటు తీసింది. "నిజంగనా?"

"మరి? ఇటుకల లోడు దించొచ్చినట్టు పోతె పిల్లనిస్తరా ఎవరన్న? దానికి బదులు ఈ తఖ్తు నాకప్పజెప్పండి. నా చేతుల మీద మంచిగ చేసిస్త."

"తఖ్తు నేనే చేస్త. పందెం కట్టింది నేను."

"మరి నేను?"

"మీరు చెప్పండి, నేను చేస్త. నోటికి పని ఎక్కువుంటది, ఏమనుకోకండి."

రాజీవ్ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. అలా మొదలైంది.

ముందు పాత రంగు ఊడదీయాలి. రిమూవర్ పూసి, పెయింటు ఉబ్బాక బ్లేడుతో గీకాలి. అది అంత తేలిగ్గా రాలేదు. సంయుక్త అరచేతులకు బొబ్బలొచ్చాయి. రాజీవ్ గుడ్డ పేలిక చుట్టుకొమ్మన్నాడు. "అక్కర్లే" అంది. అయిదు నిమిషాల తర్వాత తనే అడిగి చుట్టించుకుంది. చుడుతున్నంతసేపూ అతను ముడి మీదే కళ్ళు పెట్టాడు. ఆమె వాకిట్లోని మందారచెట్టు ఆకులు ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడింది.

కరెంటు ఉన్నంతసేపు రామచంద్రం టీవీలో సమ్మె వార్తలు చూసేవాడు. పోగానే కుర్చీ తెచ్చుకుని వాకిట్లో కూర్చునేవాడు.

"ఏం బాబూ, ఊడుతలేదా?" అన్నాడు ఒకరోజు, గొంతులో ఏదో ఆనందంతో.

"ఎవరేసిన్రో గానీ సార్, మస్తు గట్టిగేసిన్రు. చేతులు పోతున్నయి."

"నేనే! నా పెండ్లికి ముందు నా చేత్తోని ఏసిన. అప్పట్ల గదే ఫ్యాషన్. ముప్పయ్యేండ్లాయె, ఇంక పట్టుకోనే ఉన్నది. పనంటే గది!"

"నిజమే సార్. ఇంత గట్టిగేసిన రంగును ఏసినోళ్ళే తియ్యాలె. మాతోని కాదు."

అది పొగడ్తో ఎరో తేల్చుకోలేక రామచంద్రం కాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత లుంగీ ఎగ్గట్టి, "ఆ బ్లేడిటియ్యి" అన్నాడు. సంయుక్త తల్లి ఉదయశ్రీ టీ కప్పులతో గుమ్మంలోకొచ్చి, మొగుడు చెమటలు కక్కుతూ గీకుతుండటం చూసి, "మీ డాడీకేమైందే?" అని కూతుర్ని గుసగుసగా అడిగింది.

పెయింటంతా పోయిన రోజు రాజీవ్ తఖ్తును తడిగుడ్డతో తుడిచాడు. తుడిచిన మేరా నల్లటి, ఊదారంగు చారలు పైకి తేలాయి. అతని చెయ్యి ఆగిపోయింది. నోరు కూడా. అతని నోరు ఆగడం సంయుక్త అంతవరకూ చూడలేదు.

"ఏమైంది? ఖరాబైందా?"

"టేకనుకున్న" అన్నాడు మెల్లగా. "మా బాపును పిలుస్త."

అతని తండ్రి విఠల్ స్కూటర్ మీద వచ్చాడు. తెల్లటి పంచె, చెవిలో పెన్సిలు, గీత గీసినట్టు నిటారైన నడుము. చెక్కను వేలితో కొట్టి చూశాడు. వంగి వాసన చూశాడు.

"జిట్రేగి. రోజ్‌వుడ్ అంటరు గద, గది" అన్నాడు. "ఒక్క పలక, అతుకు లేదు. ఇసొంటిది నేను రెండోసారి చూస్తున్న. ఎవరు చేయించిన్రు?"

"మా నాయిన" అని వెనక నుంచి వినిపించింది. విద్యావతమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "ఆడపిల్లకు పాటలెందుకని చుట్టాలందరు నవ్వుతుంటె ఆయన వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించిండు. 'నా బిడ్డ పాడుతది. కూసునెటందుకు రాజులసొంటి గద్దె కావాలె' అన్నడు. నాకప్పుడు పద్నాలుగేండ్లు."

రామచంద్రం చేతిలో బ్లేడు అలాగే ఉండిపోయింది. "నాకెప్పుడు చెప్పలే గదమ్మా."

"నువ్వెప్పుడడిగినవ్?" అంది ఆమె. నిష్ఠూరం లేదు ఆ మాటలో. గద్దె దగ్గరికి నడిచి వచ్చి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. పద్నాలుగేళ్ళ పిల్ల తండ్రి పక్కన ఎలా నిలబడి ఉంటుందో సంయుక్తకు అప్పుడు కళ్ళకు కట్టినట్టయింది.

ఇక పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూది ఉండను పాత, పలచటి మల్లు గుడ్డలో చుట్టి, పల్చగా పూత మీద పూత. రాజీవ్ నేర్పాడు, సంయుక్త వేసింది. చెయ్యి ఎక్కడా ఆగకూడదు. ఆగితే మచ్చ పడుతుంది.

"చెయ్యి ఆగొద్దన్న గద!"

"మీరు చూస్తుంటె ఆగుతది."

"నేను తఖ్తును చూస్తున్న."

"తఖ్తు ఇటుంది. మీరు అటు చూస్తున్నరు."

రాజీవ్ చెవులు ఎర్రబడ్డాయి. దూది ఉండను అనవసరంగా మళ్ళీ చుట్టాడు.

ఆ మధ్యాహ్నమే చెప్పాపెట్టకుండా వాన ముంచుకొచ్చింది. తఖ్తు వాకిట్లో ఉంది, పూత ఇంకా ఆరలేదు. ఇద్దరూ చెరోవైపు టార్పాలిన్ పట్టా పట్టుకుని పైన కప్పులా చాపి నిలబడ్డారు. ఆనించకూడదు, ఆనిస్తే అంటుకుంటుంది. తఖ్తు మీద చుక్క పడలేదు. ఇద్దరూ మాత్రం నిలువునా తడిశారు.

"మీరు లోపలికి పోండి. సర్ది చేస్తది" అన్నాడు.

"నేను పోతె ఈ దిక్కు ఎవరు పట్టుకుంటరు?"

"నేనే ఎట్లనో పట్టుకుంట."

"రెండు దిక్కులా? మీ చేతులు అంత పొడుగున్నయా?"

"నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాక అందుతున్నయి గద!"

సంయుక్త పకపకా నవ్వింది. నవ్వేసరికి పట్టా వంగి, దాని మీద నిలిచిన నీళ్ళన్నీ రాజీవ్ నెత్తిన పడ్డాయి. నీళ్ళు కారుతున్న ముఖంతో అతను ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. రామచంద్రం, ఉదయశ్రీ పరుగున వచ్చి తలో కాలూ పట్టుకుంటే తఖ్తు వసారాలోకి చేరింది. చెమ్మకు పూత పాలపొరలా తెల్లబడింది. సంయుక్త ముఖం వాడిపోయింది.

"ఏం గాదు. స్పిరిట్‌తోని తుడిస్తె పోతది. మళ్ళ ఏద్దాం" అన్నాడు రాజీవ్. పని పెరిగినందుకు అంత సంతోషపడ్డ మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

దసరా ఇంకో వారం ఉందనగా సంయుక్త తల్లితో కలిసి చుట్టాలింటికి అంబర్‌పేట వెళ్ళింది. తిరిగొచ్చేసరికి వసారాలో తఖ్తు అద్దంలా మెరిసిపోతోంది. పక్కన రాజీవ్ చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని ఆఖరి పూత నేనేసిన. అంచు మీద చిన్న చిన్న గుంటలుండె. మైనం, లక్క కలిపి నింపిన. రంగు కలిపిన. ఇప్పుడు చూపియ్యండి ఎక్కడున్నయో!"

సంయుక్త మాట్లాడేలోపు విద్యావతమ్మ వచ్చి కూర్చుంది. అలవాటుగా ఆమె కుడిచెయ్యి అంచు మీదికి వెళ్ళింది. రెండుసార్లు తాళం వేసింది. చెయ్యి ఆగింది. వేళ్ళు ఆ చోటంతా వెతికాయి.

"బాగున్నది బిడ్డ. మస్తు మెరుస్తున్నది" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

సంయుక్త రాజీవ్ వైపు తిరిగింది. "అవి గుంటలనుకున్నరా? నానమ్మ ఉంగరం తగిలి పడ్డయి. నలభై ఏండ్లు తాళమేసిన చోటు! ఎవరినడిగి నింపిన్రు?"

రాజీవ్ తెల్లబోయాడు. "నాకెవరు చెప్పిన్రు?"

"అడగాలె గద!"

"అడగకుంటనే మంచిగ చేసిన అనుకున్న. మా దుకాణంల గీత కనపడితె మా బాపు వాపస్ పంపుతడు. మచ్చ లేకుండ చేసుడే మా పని!"

"ఇది మీ దుకాణం కాదు. మా నానమ్మ గద్దె."

"అయితే ఇప్పుడేమంటరు? నేను చేసిన పనిని నేనే చెడగొట్టుకోవాల్నా?"

"మీరేం చెయ్యొద్దు. ఇప్పటి దాక చేసింది చాలు."

రాజీవ్ సంచీ సర్దుకున్నాడు. ఎప్పుడూ గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగే మనిషి, ఈసారి తిరగలేదు.

మర్నాడు సంయుక్త సూదితో ఆ నింపుడు పెకలించడానికి కూర్చుంది. పక్కన గీత పడింది. ఇంకోటి పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగి అంచు మసకబారింది. ఎదురుగా ఎవరో కూర్చున్న అలికిడైంది.

"సూదిని కొంచెం వేడి చెయ్యాలె" అన్నాడు రాజీవ్. "మైనం కరిగి దానంతటదే వస్తది."

ఆమె తలెత్తలేదు. అతను కొవ్వొత్తి వెలిగించి సూది కాల్చి అందించాడు. తనూ ఒకటి తీసుకున్నాడు. చెరో వైపు నుంచి మొదలుపెట్టారు. ఒక్కో గుంటా బయటపడసాగింది.

"రాత్రంత మీ మీద కోపంతోని నారాజ్‌గున్న" అన్నాడు కాసేపటికి. "పొద్దుగాల మా బాపుకు చెప్పిన. 'చెక్కకున్న మచ్చ తియ్యి గానీ, మనిషి పెట్టిన గుర్తు తీసుడేందిరా? నీకెవరు నేర్పిన్రు?' అని తిట్టిండు. నేను నేర్చుకుందే ఆయన దగ్గర!"

సంయుక్త పెదవి కొస కదిలింది. "నేను గూడ ముందే చెప్పాలె. చెప్పలే."

"ఇంకో మాట చెప్పాలె. తిట్టొద్దు."

"ఏంది?"

"ఆ సంబంధం పోలే. దుమ్ము చొక్కతోనే పోయిన, అయినా వాళ్ళు సరే అన్నరు. నేనే వద్దన్న."

సంయుక్త చేతిలో సూది ఆగింది. "ఎందుకు?"

"అక్కడ కూసున్నంతసేపు నా మనసంత మీ తఖ్తు మీదనే ఉండె."

"తఖ్తు మీదనా?"

"తఖ్తు మీద..." రాజీవ్ గొంతు సవరించుకున్నాడు. "తఖ్తును అడ్డంగ రుద్దుకుంట, నాతోని కొట్లాడిన మనిషి మీద."

కొవ్వొత్తి మైనం కారి ఆమె వేలు మీద పడింది. చురుక్కుమన్నా తీసుకోలేదు.

"దసరా నాడు చెప్త" అంది.

చెప్పడానికి ఆమె ముందు ఎంచుకున్న మనిషి మాత్రం వేరు. పండగ ముందు రోజు సాయంత్రం, తండ్రి వసారాలో ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి ఎదురుగా కూర్చుంది. చుట్టూ తిప్పి చెప్పడం ఆమెకు చేతకాదు.

"డాడీ, నేను రాజీవ్‌ను చేసుకుందామనుకుంటున్న."

రామచంద్రం మీసం సవరించుకున్నాడు. "పిల్లగాడు మంచోడే. విఠల్ గారు కూడ నిఖార్సైన మనిషి. కానీ..." లోపలి గది వైపు చూశాడు. "వాళ్ళు మనోళ్ళు కాదు గద అమ్మా?"

విద్యావతమ్మ తలుపు దగ్గరికొచ్చింది. "నా ముందు కూసోని పాట నేర్చుకున్నోళ్ళల్ల మనోళ్ళెవరు, కానోళ్ళెవరు అని నేనెప్పుడన్న అడిగిన్నా? శ్రుతిల ఉన్నరా లేదా, గంతే చూసిన. వీళ్ళిద్దరు కొట్లాడి కూడ శ్రుతి తప్పలే. నేను విన్న."

రామచంద్రం లేచి లోపలికి నడిచాడు. కానీ భోజనం దగ్గర కూతురి కంచంలో తనే ఇంకో గరిటె పప్పు వడ్డించాడు.

దసరా రోజు ముందు గది నిండిపోయింది. నెరిసిన జడల శిష్యురాళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, కోడళ్ళు. కిటికీ పక్కన తఖ్తు, తేనె పోసినట్టు నిగనిగలాడుతూ, నల్లటి చారలతో. విద్యావతమ్మ పట్టుచీరలో వచ్చి కూర్చుంది. చెయ్యి అంచు మీదికి వెళ్ళి, తన చోటు తనే వెతుక్కుని దిగింది. మోహన రాగం అందుకుంది. గొంతు మొదట కొంచెం వణికింది. రెండో ఆవర్తానికి నిలబడింది. ఆ తర్వాత ఆమెకు డెబ్బై అయిదేళ్ళని ఎవరికీ గుర్తులేదు.

పాట అయ్యాక ఒక పెద్ద శిష్యురాలు తఖ్తును తడిమి, "ఇది పాత తఖ్తేనా? ఎక్కడ చేయించిన్రు?" అని అడిగింది.

సంయుక్త నోరు తెరిచేలోపు రామచంద్రం లేచి నిలబడ్డాడు. "చేయించుడేంది? నా బిడ్డ చేసింది, తన చేత్తోని! అగో, ఆ గుమ్మం కాడ నిలబడ్డ రాజీవ్ నేర్పిండు. రంగు గీకింది నేను. అది మా తాత చేయించిన జిట్రేగి. ఒక్క పలక, అతుకు లేదు!" ఆయన గొంతు మొత్తం గదిని నింపింది. "సోఫా గీఫా ఏం లేదు. ఈ ఇంట్ల ఇదే గద్దె."

సంయుక్త తండ్రిని అంత ఎత్తుగా ఎప్పుడూ చూడలేదు. ఆయన కూడా కూతుర్ని అలాగే చూస్తున్నాడు.

వసారాలో రాజీవ్ ఆమె పక్కకు చేరాడు. "దసరా వచ్చింది."

"వచ్చింది."

"మరి జవాబు?"

"నిన్ననే చెప్పిన."

"ఎవరికి?"

"మా డాడీకి."

"నాకు చెప్పాలె గద ముందు!"

"మీకు చెప్పేదేముంది? మీకు తెల్వదా?"

రాజీవ్‌కు నోటమాట రాలేదు. అతని నోరు అలా ఆగడం ఇది రెండోసారి.

సాయంత్రం జమ్మి పూజ చేసుకుని విఠల్, భార్యతో కలిసి వచ్చాడు. రామచంద్రం పిలిస్తేనే వచ్చాడు, కానీ గేటు దగ్గరే నిలబడ్డాడు. సందులో అంతా జమ్మి ఆకులు చేతుల్లో పెట్టుకుని "బంగారం, బంగారం" అంటూ ఒకరినొకరు పలకరించుకుంటున్నారు.

"రామచంద్రం గారూ, ఒక మాట ముందే చెప్త" అన్నాడు విఠల్, వెన్ను వంచకుండా. "పిల్లలు ఇష్టపడ్డరని విన్న. నా కొడుక్కు తెలిసింది మా పనే. అది వాడు ఎప్పటికి ఇడువడు. దానికి నేను తలొంచి మాట్లాడేది లేదు."

రామచంద్రం మెట్లు దిగి గేటు దాకా నడిచాడు. విఠల్ అరచేతిలో జమ్మి ఆకు పెట్టాడు.

"తలొంచుమని ఎవరన్నరు? ఆ పని చూసే గద నా బిడ్డనిస్తున్న. రండి, అలాయ్ బలాయ్."

ఇద్దరు తండ్రులూ సందు నడుమ గట్టిగా కౌగిలించుకున్నారు. ఒకరి భుజం మీది జమ్మి ఆకులు ఇంకొకరి భుజానికి అంటుకున్నాయి. ఉదయశ్రీ కొంగుతో కళ్ళొత్తుకుంటూనే నవ్వింది. కిటికీలోంచి విద్యావతమ్మ రెండు చేతులూ ఎత్తి దీవించింది.

ఎదురింటావిడ తన గోడ మీదుగా తొంగిచూసింది. "సంయుక్తా, ఎవరే ఆ పిల్లగాడు? ఇన్ని దినాల నుంచి వస్తుండు?"

సంయుక్త రాజీవ్ చేతిలో జమ్మి ఆకు పెట్టి, ఆ చెయ్యి వదలకుండానే ఆవిడ వైపు తిరిగింది.

"నేను చేసుకోబోయే మనిషి, అత్తా" అంది, సందు చివరి ఇంటి దాకా వినపడేలా.